పెద్ద లేనినాడు పని ఆగకూడదు

రామచంద్రపురం పరిసరాల్లో సార్వా ఊడ్పుల కాలంలో పొద్దున్నే గట్టు మీద నిలబడి చూడండి. పది పదిహేను మంది స్త్రీలు వరుసగా వంగి, నారు నాటుతూ వెనక్కి జరుగుతుంటారు. ఒకరి చేయి చురుకు, మరొకరిది నెమ్మది. అయినా వరుస చెదరదు. నెమ్మది చేయి పక్కన చురుకైన చేయి ఉండేలా ముఠా పెద్ద ముందే సర్ది ఉంటుంది. గుత్తకు ఒప్పుకున్న సొమ్మును సాయంత్రం అందరి ఎదుట లెక్కపెట్టి పంచుతుంది. ఆమెకు ఒకరోజు జ్వరం వచ్చినా ముఠా చేలోకి దిగుతుంది, పని పూర్తవుతుంది.

ఈ పాటి ఏర్పాటు మన దుకాణాల్లో, కార్ఖానాల్లో, పాఠశాలల్లో ఎందుకు కనిపించదు?

నేను కొంతకాలం పాఠాలు చెప్పిన ఒక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు గొప్ప కష్టజీవి. అందరికంటే ముందు వచ్చి, అందరూ వెళ్లాక వెళ్లేవారు. కాని తాళాల గుత్తి, ఫీజుల పుస్తకం, ప్రశ్నపత్రాలు, జీతాల పట్టీ అన్నీ ఆయన చేతిలోనే ఉండేవి. అర్ధ సంవత్సర పరీక్షల ముందు ఆయన జబ్బుపడి ఆసుపత్రిలో చేరారు. బీరువా తాళం ఎక్కడుందో ఎవరికీ తెలియదు. పరీక్షలు వాయిదా పడ్డాయి. జీతాలు నెల రోజులు ఆలస్యమయ్యాయి. మాలో ఒకరి ఇంట ఆ నెలలోనే కూతురి నిఖా. పాపం, ఆయన వడ్డీకి అప్పు తేవలసి వచ్చింది. ఆ తప్పు పెద్దాయన ఒక్కరిదే అనలేను. 'మనకెందుకులే' అని ఏళ్ల తరబడి మౌనంగా ఉన్న మా అందరిదీ కూడా.

ధవళేశ్వరం చెప్పే పాఠం

మన పొలాలకు నీళ్లిచ్చే తూర్పు డెల్టా కాలువల పుట్టుక వెనుక దీనికి పూర్తిగా భిన్నమైన కథ ఉంది. 1847లో ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని మొదలైంది. గోదావరి అక్కడ లంకల మధ్య పాయలుగా చీలి ప్రవహిస్తుంది. అందుచేత ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా కట్టవలసి వచ్చింది. వేలాది కూలీలు, రాతిపనివారు, వడ్రంగులు కావాలి. వరద వచ్చేలోగా ఏ ఏటి పని ఆ ఏడు ముగించాలి.

ఇంతలో కాటన్ ఆరోగ్యం చెడింది. 1848లో ఆయన బాధ్యతలను కెప్టెన్ ఆర్‌కు అప్పగించి ఆస్ట్రేలియా వెళ్లాడు. 1850లో గాని తిరిగి రాలేదు. అయినా పని సాగింది. 1852లో ఆనకట్ట పూర్తయింది. అసలు మనిషి సముద్రం అవతల ఉంటే అంతటి నిర్మాణం ఎలా నిలిచింది? ఆయన పనిని తన గుప్పిట్లో బిగించుకోలేదు గనుక. పక్కన ఆర్ వంటి ఇంజనీరు ఉన్నాడు. రాజమండ్రికి చెందిన వీణెం వీరన్న ఉన్నాడు. ఇంజనీర్ల మాట కూలీలకు, కూలీల కష్టం ఇంజనీర్లకు తెలియజెప్పి, అంత జనాన్ని ఒక్క తాటిపై నడిపిన ఘనత ఆయనది. వీరన్న లేకపోతే పని అలా సాగేది కాదని కాటనే ఒప్పుకున్నాడు. కీర్తిని పంచుకోవడానికి వెనుకాడని పెద్దకే నమ్మకమైన మనుషులు దొరుకుతారు.

ఆ ఆనకట్ట స్థానంలో 1970లో మొదలుపెట్టి 1982 నాటికి కొత్త బ్యారేజీ కట్టారు. నేడు సుమారు పది లక్షల ఎకరాలకు నీరందిస్తున్నది అదే.

మష్వరా అంటే

ఉర్దూలో మనం సలహా సంప్రదింపులను 'మష్వరా' అంటాం. ఇది అరబీ నుంచి వచ్చిన మాట. తేనెపట్టు నుంచి తేనె తీయడమనే అర్థంతో ఈ ధాతువుకు సంబంధం ఉందని అరబీ నిఘంటుకారులు చెబుతారు. ఎంత చక్కని పోలిక! తేనె ఒక్క గదిలో ఉండదు. వివేకమూ అంతే, ఒక్క తలలో ఉండదు.

హిజ్రీ 5వ సంవత్సరంలో (క్రీ.శ. 627) మదీనాను శత్రువులు చుట్టుముట్టబోతున్నప్పుడు కందకం తవ్వాలన్న ఆలోచన చెప్పింది పర్షియా నుంచి వచ్చిన హజ్రత్ సల్మాన్ ఫార్సీ (ర). అరబ్బులకు అది కొత్త యుద్ధతంత్రం. అయినా దైవప్రవక్త ముహమ్మద్ (స) ఆ సలహాను స్వీకరించారు. జట్టుకు ఇంత అని కొలిచి పని పంచారు. తాము స్వయంగా మట్టి మోశారు. పరాయి దేశం నుంచి వచ్చినవాని మాట వినడం, ఎవరి వంతు ఎంతో తేటగా చెప్పడం, తానూ చెమటోడ్చడం... ఒక జట్టును నడిపేవారికి ఇంతకంటే ఏం కావాలి?

కనుక నలుగురికి పని చెప్పే స్థానంలో ఉన్న సోదరులు ఈ వారమే ఒక పని చేయండి. మీ తాళాలు, లెక్కలు, సరుకు తెచ్చే చోట్లు మరొకరికి తెలుసా అని చూసుకోండి. తెలియకపోతే ఒకరిని పక్కన కూర్చోబెట్టి నేర్పండి. తప్పు జరిగితే విడిగా పిలిచి చెప్పండి, మంచి జరిగితే నలుగురిలో చెప్పండి. కూలి సొమ్ము లెక్క దాచకండి. కింద పనిచేసే సోదరులు కూడా తెలిసిన లోపాన్ని మర్యాదగా పెద్దల చెవిన వేయండి. మౌనం ఎల్లప్పుడూ వినయం కాదు.

పెద్దరికం మన సొత్తు కాదు, అమానతు. అమానతును ఏదో ఒకరోజు అప్పగించక తప్పదు. అందుకునే చేతులను ఇప్పుడే సిద్ధం చేసుకుందాం.