రెండవ చెంప చూపిన ఆటగాడు

బేస్‌బాల్ అనే ఆటను మన గ్రామములలో చూసినవారు అరుదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలు అక్కడ ఆ ఆట ఆడుతుంటారు గనుక, సెలవులకు వచ్చిన మనుమలు తాతయ్యలకు చెప్పే కబుర్లలో దాని పేరు అప్పుడప్పుడు వినబడుతుంది. క్రికెట్ తెలిసినవారికి దానిని వివరించుట కష్టము కాదు. జట్టుకు తొమ్మిదిమంది. బ్యాటు పలకగా ఉండదు, రోకలి వలె గుండ్రముగా ఉంటుంది. బంతి నేలను తాకి లేవదు, నేరుగా దూసుకొని వస్తుంది. మైదానములో నాలుగు మూలలు; ఒక మూలనుండి మరొక మూలకు 90 అడుగులు. కొట్టినవాడు మూడు మూలలు చుట్టి, బయలుదేరిన చోటికి క్షేమముగా చేరితే ఒక పరుగు. ఆ చోటును వారు ‘ఇల్లు’ అంటారు. మధ్య మూలలో నిలిచినవాడు, బంతి వేసేవాడు ఏమరి ఉన్న క్షణములో తరువాతి మూలకు పరుగెత్తవచ్చును. దానిని ‘దొంగిలించుట’ అంటారు. ఇంటినే దొంగిలించుట అన్నిటికంటె కష్టము. పదేండ్ల ఆటలో 19 సార్లు ఇంటిని దొంగిలించిన ఒక ఆటగాని గురించి ఈ నెల వ్రాయదలచాము. ఆయన ఆట, ఆయన రాజకీయములు, ఆయనపై వచ్చిన టెలివిజన్ కార్యక్రమములు, పుస్తకములు, వాటిపై మా అభిప్రాయములు. సంఘ పత్రికలో ఆటల ముచ్చట ఎందుకని పెద్దలు కొందరు అడుగవచ్చును. చదివిన తరువాత అడుగుడి.

జాకీ రాబిన్‌సన్ 1919 జనవరి 31న జార్జియా రాష్ట్రములోని కైరో అనే ఊరి దగ్గర, నల్లవారి కౌలురైతు కుటుంబములో పుట్టారు. ఐదుగురు పిల్లలలో కడగొట్టువాడు. తండ్రి ఇల్లు విడిచి పోయాడు. తల్లి మ్యాలీ 1920లో పిల్లలను వెంటబెట్టుకొని కాలిఫోర్నియాలోని పాసడీనా చేరి, పరుల ఇండ్లలో పనిచేసి వారిని పెంచింది. అన్న మ్యాక్ 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో 200 మీటర్ల పరుగులో జెస్సీ ఓవెన్స్ వెనుకనే వచ్చి వెండి పతకము గెలిచాడు. ఇంటికి తిరిగివచ్చి, అదే పాసడీనాలో వీధులు ఊడ్చే పని చేశాడు. దేశము కొరకు పతకము తెచ్చినవానికి దొరికిన పని అది.

చెడు సావాసములలో పడబోయిన జాకీని ఒక యువ కాపరి పట్టుకొన్నారు. ఆయన పేరు కార్ల్ డౌన్స్, మెథడిస్టు. యౌవనస్థులు గుడికి రావడము లేదని నిందించక, వారికి ఇష్టమైన ఆటలూ కూడికలూ గుడిలోనే ఏర్పరచిన మనిషి. జాకీ అక్కడ సండేస్కూలులో పాఠము చెప్పేవారు. శనివారము ఫుట్‌బాల్ ఆడి ఒళ్ళు హూనమైనా, ఆదివారము ఉదయము పిల్లల ఎదుట నిలిచేవారు. 1946 ఫిబ్రవరిలో జాకీకి రేచల్‌తో వివాహము జరిపించినది కూడ ఈ కాపరియే. అమెరికా క్రీడాచరిత్రలు ఈ కాపరిని ఒకటి రెండు వాక్యములలో దాటిపోతాయి. మాకైతే అక్కడ కొంచెము ఆగాలనిపిస్తుంది.

అయితే జాకీ సాధువు కారు. ఈ మాట గుర్తుంచుకొనవలెను. 1944 జూలైలో టెక్సాస్‌లోని సైనిక శిబిరములో ఆయన లెఫ్టినెంటుగా ఉండగా, బస్సులో వెనుక సీట్లకు పొమ్మని డ్రైవరు ఆజ్ఞాపించాడు. జాకీ కదలలేదు. సైనిక న్యాయస్థానములో విచారణ జరిపారు. ఆగస్టులో నిర్దోషి అని తీర్పు వచ్చింది. రోజా పార్క్స్ అనే సహోదరి బస్సులో లేవనన్నందుకు అరెస్టయినది 1955లో. అంతకు పదకొండేండ్ల ముందటి సంగతి ఇది.

ఆ రోజులలో పెద్ద బేస్‌బాల్ పోటీలలో నల్లవారికి చోటు లేదు. 1880లలో ఆడిన ఒకరిద్దరి తరువాత ఆరు దశాబ్దములు తలుపులు మూసివేశారు. ఆ నియమము ఏ పుస్తకములోనూ వ్రాసి లేదు. వ్రాయని నియమము ఎంత గట్టిదో మన ఊళ్ళలో టీ కొట్ల దగ్గర రెండు రకముల గ్లాసులు చూసినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు యజమానులలో ఒకరు, దాని అధ్యక్షులు బ్రాంచ్ రికీ. జాన్ వెస్లీ పేరిట ఆయనకు వెస్లీ అని పేరు పెట్టారు. ఆదివారము ఆటకు పోనని తల్లికి ఇచ్చిన మాట నిలుపుకొన్న మెథడిస్టు. వయసులో ఉన్నప్పుడు ఒహాయోలోని కళాశాల జట్టుకు శిక్షకులుగా ఒక ఊరికి పోయినపుడు, జట్టులోని నల్ల విద్యార్థికి హోటలువారు గది ఇవ్వలేదు. రికీ వాదించి, తన గదిలోనే మంచము వేయించారు. రాత్రి ఆ విద్యార్థి ఏడుస్తూ, తన చర్మము ఊడిపోతే బాగుండునన్నట్లు చేతులు రుద్దుకొన్నాడట. అది ఎన్నటికీ మరువలేదని రికీ చెప్పేవారు. ఆయన వ్యాపారి కూడ. మంచి ఆటగాళ్ళు వస్తే జట్టు గెలుస్తుందనీ, నల్లవారు కూడ టిక్కెట్టు కొని వస్తారనీ లెక్క వేసికొన్నారు. జాకీని అప్పటివరకు ఆడించుకొన్న నల్లవారి జట్టు కాన్సాస్ సిటీ మోనార్క్స్‌కు ఆయన ఒక్క డాలరైనా చెల్లించలేదు. మంచి పని చేసినవారి లెక్కల పుస్తకము కూడ తెరచి చూడాలి గదా.

1945 ఆగస్టు 28న బ్రూక్లిన్ కార్యాలయములో ఇద్దరూ కలిసికొన్నారు. దాదాపు మూడు గంటలు మాట్లాడుకొన్నారు. రికీ కోటు విప్పి, తిట్టే ప్రేక్షకునిగా, గది ఇవ్వని హోటలు గుమాస్తాగా, కాలితో తన్నే ఎదుటి ఆటగానిగా నటించి చూపారు. పిడికిలి జాకీ ముఖము దాకా తెచ్చారు. తరువాత ఇటలీ రచయిత జొవాన్నీ పాపీని వ్రాసిన క్రీస్తు జీవితచరిత్ర తీసి, కొండమీది ప్రసంగములో రెండవ చెంపను గూర్చిన భాగము చదివించారు. తిరిగి కొట్టడానికి భయపడే ఆటగాడు కావాలా అని జాకీ అడిగారు. తిరిగి కొట్టకుండా నిలిచే ధైర్యము గలవాడు కావాలని రికీ జవాబు. జాకీ ఒప్పుకొన్నారు. ఆ ఒప్పందమునకు గడువు మూడేండ్లు.

1947 ఏప్రిల్ 15న, 28 ఏండ్ల వయసులో, ఎబ్బెట్స్ ఫీల్డ్ మైదానములో జాకీ అడుగుపెట్టారు. అదే నెలలో ఫిలడెల్ఫియా జట్టు మేనేజరు బెన్ చాప్‌మన్ తన ఆటగాళ్ళతో కలిసి పలికిన బూతులు ఇక్కడ వ్రాయదగినవి కావు. బంతులు ఒంటిమీదికి విసిరారు. చంపుతామని ఉత్తరములు వచ్చాయి. జాకీ పెదవి విప్పలేదు. ఆ సంవత్సరమే ఉత్తమ నూతన ఆటగాడు అనే బహుమతి గెలిచారు. 1949లో సగటు .342 సాధించి లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు అనిపించుకొన్నారు. అప్పటికి గడువు తీరింది. అప్పటినుండి జాకీ నోరు తెరచారు. తప్పు తీర్పు ఇచ్చిన అంపైరును ప్రశ్నించారు, గదులివ్వని హోటళ్ళను నిలదీశారు. మూడేండ్లు మెచ్చుకొన్న పత్రికలవారే, పొగరుబోతు అని వ్రాయసాగారు.

మా అభిప్రాయము ఇక్కడే చెప్పవలెను. జాకీ కథను ప్రసంగములలో చెప్పేవారు సాధారణముగా మొదటి మూడేండ్లు చెప్పి ఆపుతారు. సహించాడు, గెలిచాడు, ఆమెన్. కాని రెండవ చెంప చూపుట తెలిసి, ఎంచుకొని, ఒక పని నిమిత్తము ఆయన చేసిన త్యాగము. బలవంతుడు బలహీనునిపై మోపిన చట్టము కాదు. మన పల్లెలలో ఈ వాక్యమును ఎవరికి చెబుతున్నారు? కూలి తక్కువ ఇచ్చారని అడుగబోయిన పాలేరుకు చెబుతున్నారు, అత్తింట దెబ్బలు తిన్న కోడలికి చెబుతున్నారు. కొట్టిన చేతిగలవానిని పిలిచి ఆ అధ్యాయము చదివించిన కాపరులు ఎందరు? బెన్ చాప్‌మన్ కూడ ఏదో ఒక గుడిలో కూర్చున్నవాడే అయియుండవచ్చును.

సంఘ చరిత్రలోనూ ఇది ఉన్నది. 1845లో అమెరికా బాప్టిస్టులు రెండుగా చీలినది బానిసలు గలవారు మిషనరీలు కావచ్చునా అన్న ప్రశ్నమీదనే. దక్షిణాదివారు కావచ్చునన్నారు, తమ సమావేశమును వేరుగా పెట్టుకొన్నారు. అందుకు క్షమాపణ అడిగినది 1995లో. నెల్లూరు, ఒంగోలు ప్రాంతములకు వచ్చినవారు ఉత్తరాది బాప్టిస్టుల మిషను పంపినవారు. 1878 జూలైలో ఒంగోలు ప్రాంతములో ఒక్క దినమున 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతి మన పెద్దలు నేటికీ చెప్పుకొంటారు. వారిలో అత్యధికులు మాదిగవారు. ఆ బల్ల దగ్గర అందరూ ఒకే గిన్నెలో త్రాగుట నేర్చుకొన్నారు. అయినను మన శ్మశానములు కొన్ని ఊళ్ళలో ఇంకను వేరువేరుగానే ఉన్నవి.

ఇక టెలివిజన్ సంగతి. బేస్‌బాల్ ఛాంపియన్‌షిప్ అయిన వరల్డ్ సిరీస్ మొదటిసారి టెలివిజన్‌లో ప్రసారమైనది 1947లోనే, జాకీ ఆడిన పోటీలే. సెట్లు బహు కొద్ది ఇండ్లలోనే ఉండేవి గనుక చాలామంది హోటళ్ళలో గుమిగూడి చూశారు. మనము రామాయణము కొరకు పక్కింటి వరండాలో కూర్చున్నట్లే. 1994లో కెన్ బర్న్స్ అనే దర్శకుడు బేస్‌బాల్ చరిత్రను పెద్ద ధారావాహికగా తీశారు. అందులో ఒక ఘట్టము: ప్రేక్షకులు దూషిస్తుండగా, దక్షిణాది తెల్ల ఆటగాడు పీ వీ రీస్ వచ్చి జాకీ భుజముపై చేయి వేశాడు. హృదయము కరిగించే ఘట్టము. 2005లో బ్రూక్లిన్‌లో దానికి విగ్రహము కూడ పెట్టారు. అయితే అదే దర్శకుడు 2016లో జాకీపై తీసిన చిత్రములో, 1947లో అది జరిగినట్లు ఆనాటి ఆధారములు లేవని చూపారు. తాను చెప్పిన అందమైన కథను తానే సవరించుట టెలివిజన్‌వారిలో మేము అరుదుగా చూస్తాము. రీస్ మంచి స్నేహితుడే, సందేహము లేదు. కాని తెల్లవాని చేయి లేనిదే నల్లవాని ధైర్యము కథగా నిలువదని ఎందుకు అనుకొన్నారో ఆలోచించదగినది.

2013లో వచ్చిన ‘42’ సినిమా (అది జాకీ చొక్కాపై అంకె) కుటుంబమంతా కలిసి చూడదగినదే, చెవులు మూసుకొనవలసిన తిట్లు కొన్ని ఉన్నను. చాడ్విక్ బోస్‌మన్ చక్కగా నటించారు. ఆయన 2020 ఆగస్టు 28న మరణించారు. రికీ, జాకీ కలిసికొన్న తేదీ అదే. సినిమాతో మా తగాదా ఒక్కటే: అది 1947లో ఆగిపోతుంది. ప్రేక్షకుడు తేలికైన మనసుతో ఇంటికి పోతాడు.

ఆ తరువాతి జాకీ మనిషి రాజకీయములలో ఏ పార్టీకీ ఒదగలేదు. 1957లో ఆట మాని కాఫీ కంపెనీలో ఉపాధ్యక్షులుగా చేరారు. పత్రికలలో శీర్షిక నడిపారు. 1960 ఎన్నికలలో నిక్సన్‌ను సమర్థించారు. అక్టోబరులో మార్టిన్ లూథర్ కింగ్ గారిని జైలులో వేసినపుడు నిక్సన్ మౌనము వహించాడు. కెన్నెడీ కింగ్ గారి భార్యకు ఫోను చేసి పలకరించాడు. అయినను జాకీ నిక్సన్‌ను విడువలేదు. భార్య రేచల్ మాత్రము కెన్నెడీ పక్షము. ఒకే కప్పు క్రింద రెండు ఓట్లు! ఎన్నికల నాడు ఇంటి యజమాని చెప్పిన గుర్తుకే అందరూ వేయాలనే మన ఇండ్లలో ఈ సంగతి చెప్పుకొనదగినది. 1964లో గోల్డ్‌వాటర్‌ను అభ్యర్థిగా నిలిపిన రిపబ్లికన్ మహాసభలో నల్ల ప్రతినిధులు పడిన అవమానము చూసి జాకీ మనసు విరిగింది. 1968లో డెమోక్రాట్ హంఫ్రీని బలపరచారు. గోడ దూకినవాడని కొందరన్నారు. మా దృష్టిలో ఆయన ఓటు ఇల్లు మారింది గాని ప్రశ్న మారలేదు: నల్లవానికి మీరేమి చేస్తారు?

ఆ ప్రశ్న పాతబడిందని అనుకొనేవారికి రెండు సంగతులు. 2022 వరల్డ్ సిరీస్‌లో ఆడిన రెండు జట్లలోనూ అమెరికాలో పుట్టిన నల్ల ఆటగాడు ఒక్కడూ లేడు. 1950 తరువాత అలా జరుగుట అదే మొదటిసారి. 2025 మార్చిలో, జాకీ సైనిక సేవను గూర్చిన పుటను అమెరికా రక్షణశాఖ తన ఇంటర్నెట్ సమాచారమునుండి తొలగించి, ప్రజలు గగ్గోలు పెట్టగా మరల చేర్చింది. సైన్యములో నిర్దోషియని తేలినవానిని ఎనభైయేండ్ల తరువాత మరల వెనుక సీటుకు పొమ్మన్నట్లు మాకు తోచింది.

పుస్తకములలో ఇంగ్లీషు చదువగల పిల్లలకు మేము మొదట చెప్పేది ఆర్నాల్డ్ రాంపర్సాడ్ 1997లో వెలువరించిన జీవితచరిత్ర. లావుపాటిది, సెలవులలో చదువదగినది. జాకీ స్వయముగా వ్రాసికొన్నది 1972లో వచ్చింది. అందులో ఆయన మృదువుగా లేరు. తాను జాతీయగీతమునకు లేచి పాడలేననీ, జెండాకు వందనము చేయలేననీ వ్రాశారు. ఆ పుట చదివి నొచ్చుకొన్నవారున్నారు. కాని ఆ పుస్తకములో మమ్మును ఎక్కువ కలచినవి కుమారుని గూర్చిన పుటలు. పెద్ద కుమారుడు వియత్నాం యుద్ధములో గాయపడి, మత్తుమందులకు బానిసయై, బయటపడి, తనవంటివారిని బాగుచేసే పనిలో ఉండగా 1971 జూన్‌లో కారు ప్రమాదములో చనిపోయాడు. ప్రపంచమునకు దారి చూపిన తండ్రి తన బిడ్డకు సమయము ఎంత ఇచ్చాడో లెక్క చూసికొన్న పుటలవి.

అప్పటికే చక్కెర వ్యాధి ఆయన చూపును చాలవరకు హరించింది. 1972 అక్టోబరు 15న సిన్సినాటిలో వరల్డ్ సిరీస్ ఆట ముందు ఆయనను సన్మానించారు. ధన్యవాదములు చెప్పి, ఏదో ఒక దినమున జట్టును నడిపే మేనేజరుగా నల్లవాడు నిలుచుట చూడగోరుచున్నానని అందరి ఎదుట అన్నారు. తొమ్మిది దినములకు, 53వ ఏట కన్నుమూశారు. క్లీవ్‌లాండ్ జట్టు ఫ్రాంక్ రాబిన్‌సన్‌ను మేనేజరుగా నిలిపినది 1975లో. 1997లో 42 అంకెను అన్ని జట్లలోనూ విశ్రాంతిలో ఉంచారు. ఇప్పుడు ఏటా ఏప్రిల్ 15న ఆటగాళ్ళందరూ ఆ అంకె ధరిస్తారు. 2022లో న్యూయార్కులో జాకీ పేరిట మ్యూజియము తెరచినపుడు రేచల్ రాబిన్‌సన్ గారు నూరేండ్ల వయసులో చక్రాల కుర్చీలో వచ్చి రిబ్బను కత్తిరించారు.