గోడలో దాగిన తీగ

పిల్లలూ! సిరిసిల్ల మరమగ్గాల ఊరు గదా. 1970లో ఏర్పడిన ‘సెస్’ అనే సహకార సంఘం అక్కడ ఇంటింటికీ విద్యుత్తు అందిస్తున్నది. మగ్గాలను ఆడించే ఆ శక్తే 230 వోల్టులతో మన గోడల లోపల కూడా దాగి ఉంటుంది.

మీ నాన్న పటం తగిలించడానికి మేకు కొట్టారనుకోండి. మేకు లోపలి తీగకు తగిలితే దానిలోకి విద్యుత్తు వస్తుంది. ముట్టుకుంటే ప్రాణాపాయం!

అందుకే నేర్పరి పనివాడు తీగలను గొట్టంలో దూర్చి, స్విచ్చి నుండి నిలువుగానో, అడ్డంగానో తిన్నగా నడుపుతాడు, ఏటవాలుగా నడపడు. అప్పుడు స్విచ్చిని చూసి తీగ దారి ఊహించవచ్చు. దానికి సరిగ్గా పైన, కింద, పక్కల మేకు కొట్టరాదు.

పాత ఇళ్లలో తీగ ఎటు పోయిందో చెప్పలేం కనుక ముందు ఎలక్ట్రీషియన్‌ను అడగాలి. కొత్త ఇల్లయితే గిలాబు చేయకముందే గోడను ఫోటో తీసి దాచమనండి. తీగ కనిపించకపోయినా, దాని దారి ఇంటివారికి తెలిసి ఉండాలి!