బ్యాటరీ మార్చినా బండి స్టార్ట్ కాలేదు.. అసలు తప్పు ఎక్కడుందంటే

ఈసారి కషాయాల గురించి కాదండీ, బండి గురించి. కూర ఎంత బాగా పండించినా బండి కదలకపోతే అది మన దగ్గరే వాడిపోద్ది.

మాది పాత డీజిల్ పికప్. మొన్న ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి తోటకూర, పాలకూర, గోంగూర 12 ట్రేలు ఎక్కించి తాళం తిప్పితే 'టక్' అని ఊరుకుంది. ఏడింటి నుంచి టౌన్లో 40 ఇళ్ళకి ఇవ్వాలి. అంతకుముందు వారం కూడా ఇలాగే ఆలస్యమై ముగ్గురు మానేశారు.

ఇంకా బాధేంటంటే, పది రోజుల క్రితమే ఇదే 'టక్'కి 6,500 పెట్టి కొత్త బ్యాటరీ వేయించాను. షాపులో చెక్ చేయమని అడగలేదు, మార్చేయమన్నాను. డిప్లొమాలో ఫార్మ్ మెషినరీ పేపరు బట్టీ పట్టి పాసైతే ఇలాగే ఉంటది మరి.

నాన్న "తోద్దాం రారా" అన్నారు. "తోస్తే ఇక్కడ స్టార్ట్ అవుద్ది నాన్నా, టౌన్లో ఎవరు తోస్తారు?" అని బానెట్ ఎత్తాను.

ముందు హెడ్‌లైట్ వేసి సెల్ఫ్ కొట్టాను. లైటు దాదాపు ఆరిపోయింది. అంటే కరెంటు సరిగ్గా అందట్లేదు. బ్యాటరీ అయినా వీక్ అయ్యుండాలి, లేదా వైరు జాయింట్ అయినా పోయుండాలి. (లైటు అలాగే వెలుగుతూ 'టక్' మంటే అనుమానం సెల్ఫ్ మోటారు మీదకి వెళ్ళాలి.) మోటారు రిపేరుకి వాడే మల్టీమీటరు పెడితే బ్యాటరీ 12.5 వోల్టులు చూపించింది. ఫుల్ ఛార్జ్ అంటే 12.6 దాకా ఉంటది, 12 లోపు ఉంటే దిగిపోయినట్టే. సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా బ్యాటరీ దగ్గర వోల్టేజీ పెద్దగా పడలేదు. కాబట్టి బ్యాటరీ బాగానే ఉంది.

ఇక మిగిలింది వైర్లు. పక్క చేను అన్న దగ్గర జంపర్ కేబుల్ తెచ్చి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజిన్ ఇనుముకి పట్టించాను. తాళం తిప్పగానే స్టార్ట్!

అప్పుడు ఎర్త్ వైరు విప్పి చూశాం. ఛాసిస్‌కి బిగించే లగ్గు పైకి బాగానే ఉంది, లోపల రాగి తీగలన్నీ పచ్చగా పొడైపోయాయి. ఎందుకంటే, ఆ బండి మీదే నేను జీవామృతం డ్రమ్ములు తోలుతున్నాను. గతుకుల్లో ఒలికిందంతా కిందకి కారి ఆ జాయింట్ మీదే పడుతోంది. గోమూత్రంలో ఉప్పులు ఉంటాయి, నిల్వ అయ్యేకొద్దీ అమ్మోనియా వస్తది. అది నేలకి మంచిదే గానీ రాగికి, ఇత్తడికి పరమ శత్రువు. స్ప్రేయర్ నాజిళ్ళు పచ్చబారడం మీరూ చూసే ఉంటారు.

కొత్త వైరు 250 రూపాయలు. ఛాసిస్ మీద పెయింటు, తుప్పు గీకి, మెరిసే ఇనుము మీద బిగించి, పైన వాజెలిన్ రాశాను. బ్యాటరీ టెర్మినల్స్ మీద తెల్లటి ఉప్పు ఉంటే వంట సోడా నీళ్ళతో కడగండి, మూతల్లోకి మాత్రం పోనివ్వొద్దు. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. బ్యాటరీ దగ్గర బీడీ, అగ్గిపుల్ల వద్దు, దాన్నుంచి హైడ్రోజన్ వస్తది. ఇప్పుడు డ్రమ్ముల కింద టార్పాలిన్ వేస్తున్నాను, తోలిన రోజే మంచినీళ్ళతో కడిగేస్తున్నాను.

సెల్ఫ్ బాగా తిరుగుతూ స్టార్ట్ కాకపోతే అది వేరే కథ. డీజిల్ అయిపోయి మళ్ళీ పోశాక చాలాసార్లు లైన్లో గాలి పడతది. మా లాంటి పాత బండ్లకి ఫిల్టర్ దగ్గర స్క్రూ కాస్త వదులు చేసి, బుడగలు ఆగేదాకా హ్యాండ్ పంపు కొట్టాలి. అదేపనిగా సెల్ఫ్ కొడితే బ్యాటరీ కూడా దిగిపోద్ది.

ఆ రోజు చివరి ఇంటికి చేరేసరికి ఎనిమిదీ ఇరవై. పాలకూర కాస్త తల వాల్చింది, ఆ ఐదు కట్టలకి డబ్బులు తీసుకోలేదు. పొడైపోయిన ఆ లగ్గు వీడియోలో దగ్గరగా చూపించాను, మీ బండి కింద కూడా ఒకసారి వంగి చూడండి.