రబ్బరు కీల కంప్యూటర్, మూడు చక్రాల బండి

ఈ టర్మ్ పేరెంట్ టీచర్ మీటింగుల్లో మార్కుల తర్వాత ఎక్కువగా వినిపించిన ప్రశ్నలు రెండు. "బాబు కోడింగ్ నేర్చుకోవాలంటే ఎంతలో ల్యాప్‌టాప్ కొనాలి మేడమ్?" అన్నది ఒకటి. "పాప తొమ్మిదో క్లాసుకొచ్చింది, ట్యూషన్‌కి వెళ్ళిరావడానికి లైసెన్స్ అక్కర్లేని ఎలక్ట్రిక్ స్కూటీ కొనిపెట్టొచ్చా?" అన్నది రెండోది. ఈ రెండు వస్తువులనూ నలభై ఏళ్ళ క్రితమే చవకగా తయారుచేసి ఇంటింటికీ అమ్మాలని చూసిన మనిషి ఒకరున్నారు. ఇంగ్లండ్‌కు చెందిన క్లైవ్ సింక్లైర్. కంప్యూటర్లు ఆయనకు 'సర్' బిరుదు దాకా తెచ్చిపెట్టాయి. బండి నవ్వులపాలు చేసింది. రెండింటినీ ఆయన ఒకే పద్ధతిలో తయారుచేశారు కాబట్టే ఆ కథ మీకు చెప్పాలనిపించింది.

1980లో ఆయన కంపెనీ జెడ్ఎక్స్80 అనే కంప్యూటర్‌ను వంద పౌండ్ల లోపు ధరకు తెచ్చింది. అంతకు మూడేళ్ళ ముందు అమెరికాలో వచ్చిన యాపిల్ 2 ధర 1,298 డాలర్లు. ఇంత తేడా ఎలా వచ్చింది? తీసేయగలిగినవన్నీ తీసేశారు. స్క్రీన్ ఇవ్వలేదు, ఇంట్లో ఉన్న టీవీకే తగిలించుకోవాలి. డిస్క్ లేదు, పాటలు వినే టేప్ రికార్డర్‌లో మామూలు క్యాసెట్ పెట్టి ప్రోగ్రాములు దాచుకోవాలి. కీబోర్డు అంటే ప్లాస్టిక్ షీటు మీద అచ్చువేసిన గళ్ళు. టీవీకి బొమ్మ పంపడానికి వేరే చిప్ కూడా పెట్టలేదు, లెక్కలు చేసే ప్రాసెసరే ఆ పనీ చూసుకోవాలి. అందుకని మీరు ఒక కీ నొక్కగానే ప్రాసెసర్ అటు తిరిగేది, టీవీలో బొమ్మ క్షణంపాటు మాయమయ్యేది. వంటింట్లో ఒక్కరే ఉన్నప్పుడు కాలింగ్ బెల్ మోగితే పొయ్యి మీద పాల సంగతేమిటో మీకు తెలుసు కదా, అలాగన్నమాట. మెమరీ ఒక్క కిలోబైట్. ఈ పేరాను ఇప్పటి పద్ధతిలో తెలుగులో టైప్ చేస్తే అందులో పట్టదు.

మరుసటి ఏడాది వచ్చిన జెడ్ఎక్స్81 ఇంకా చవక, 69.95 పౌండ్లు. దాని వెనక తగిలించే అదనపు మెమరీ డబ్బా కాస్త కదిలిందంటే అప్పటిదాకా టైప్ చేసినదంతా పోయేది. అయినా జనం కొన్నారు. డబ్బా కదలకుండా జిగురు ముద్దలు అంటించి మరీ వాడుకున్నారు.

1982 ఏప్రిల్‌లో జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ వచ్చింది. ఇందులో రంగులు, శబ్దం రెండూ ఉన్నాయి. 16 కిలోబైట్లది 125 పౌండ్లు, 48 కిలోబైట్లది 175 పౌండ్లు. కీలు బూడిద రంగు రబ్బరువి, నొక్కితే ఎరేజర్ మీద వేలు పెట్టినట్టు మెత్తగా ఉంటాయి. మెమరీ ఆదా చేయడానికి స్క్రీన్‌ను చిన్న చిన్న గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిలో రెండు రంగులకే అనుమతి ఇచ్చారు. అందుకే ఆటలో హీరో చెట్టు పక్కనుంచి వెళ్తే చెట్టు రంగు హీరోకు అంటుకునేది! ఒక ఆట లోడ్ కావాలంటే క్యాసెట్ కీచుమంటూ ఐదు నిమిషాలు తిరగాలి. చివర్లో ఎర్రర్ వస్తే రివైండ్ చేసి మళ్ళీ మొదలుపెట్టడమే. ఇలాంటి యంత్రం 50 లక్షలకు పైగా అమ్ముడుపోయింది. ఈ రోజుకీ పాతవి వెతికి కొని, బాగుచేసుకుని అపురూపంగా దాచుకునేవాళ్ళు ఉన్నారు.

ఇంత ప్రేమ ఎందుకు? నా ఉద్దేశంలో ఆ యంత్రం మొత్తం ఒక పిల్లాడి బుర్రలో పట్టేంత చిన్నది కావడమే కారణం. ఆన్ చేస్తే కంపెనీ పేరు, ఆ తర్వాత కింద మెరుస్తూ 'కె' అనే ఒక అక్షరం కనిపిస్తుంది. మీరేదైనా టైప్ చేస్తే తప్ప ఏమీ జరగదు. దాంతో ఇచ్చిన మాన్యువల్ బేసిక్ భాషను మొదటి నుంచీ నేర్పే పాఠ్యపుస్తకం లాంటిది. పత్రికలు ఆటల ప్రోగ్రాములను పేజీలకు పేజీలు అచ్చువేసేవి. పిల్లలు వాటిని చూసి టైప్ చేసేవారు, ఎక్కడో ఒక కామా మరిచిపోయేవారు, ఆట ఆడేది కాదు. ఆ కామా కోసం గంటసేపు వెతకడమే వాళ్ళ కోడింగ్ క్లాసు. 1983లో పేరు తెచ్చుకున్న 'మానిక్ మైనర్' అనే స్పెక్ట్రమ్ ఆటను రాసిన మాథ్యూ స్మిత్ వయసు అప్పటికి పదిహేడు.

మన దేశంలోనూ స్పెక్ట్రమ్ ప్లస్‌ను డెసిబెల్స్ అనే కంపెనీ లైసెన్సుతో అమ్మింది. స్కూళ్ళకు మాత్రం సింక్లైర్ పోటీదారైన ఎకార్న్ కంపెనీ కంప్యూటర్ వచ్చింది. 1984లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన 'క్లాస్' అనే పథకం కింద కొన్ని స్కూళ్ళకు ఇచ్చినవి ఆ బీబీసీ మైక్రోలే. మీలో చాలామంది ఆ తర్వాతి తరం. చెప్పులు బయట విప్పి, స్కూల్లో ఏసీ ఉన్న ఒకే ఒక్క గదిలోకి వరుసగా వెళ్ళి, ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురు కూర్చుని, లోగోలో తాబేలుతో చతురస్రం గీయించినవాళ్ళు. మీ పిల్లలకు ఆ సంగతి చెప్పండి, చెప్పులు విప్పడం దగ్గరే నవ్వు మొదలవుతుంది. అన్నట్టు, అదే ఎకార్న్ ఇంజనీర్లు 1985లో తయారుచేసిన ఆర్మ్ ప్రాసెసర్ వారసులే ఇప్పుడు మన ఫోన్లలో ఉన్నవి.

ఇక బండి సంగతి. 1985 జనవరి 10న లండన్‌లోని అలెగ్జాండ్రా ప్యాలెస్‌లో సింక్లైర్ సీ5ను విడుదల చేశారు. మూడు చక్రాలు, తెల్లటి ప్లాస్టిక్ బాడీ, ఒక్కరికే సీటు. కాళ్ళు చాపుకుని కూర్చోవాలి, హ్యాండిల్ తొడల కింద ఉంటుంది, చాలనప్పుడు పెడల్ తొక్కాలి. ధర 399 పౌండ్లు, వేగం గంటకు 24 కిలోమీటర్లు. వాషింగ్ మెషిన్ మోటారుతో నడిచేదని ఇప్పటికీ కొందరు చెబుతుంటారు, అది నిజం కాదు. వాషింగ్ మెషిన్లు చేసే హూవర్ కంపెనీ వేల్స్‌లోని తన ఫ్యాక్టరీలో దీన్ని బిగించింది కాబట్టి ఆ మాట పుట్టింది. మోటారు ఇటలీ నుంచి వచ్చింది.

ఇక్కడా సింక్లైర్ తన పాత సూత్రమే వాడారు, తీసేయగలిగినవన్నీ తీసేశారు. పైకప్పు లేదు, తలుపుల్లేవు, రివర్స్ లేదు. వెనక్కి తిరగాలంటే దిగి, ముందు భాగం ఎత్తి తిప్పుకోవాలి. అద్దాలు విడిగా కొనుక్కోవాలి. ఇతరులకు బండి కనిపించేలా వెనక నిలబెట్టే పొడవాటి కర్ర కూడా విడిగానే. బండి ఎత్తు 80 సెంటీమీటర్ల లోపు మరి! కారు డ్రైవర్‌కే సరిగ్గా కనిపించదు, లారీ డ్రైవర్ సంగతి చెప్పక్కర్లేదు. అది కూడా ఇంగ్లండ్ జనవరి చలిలో విడుదల. చలికి లెడ్ యాసిడ్ బ్యాటరీ సామర్థ్యం పడిపోతుంది. కంపెనీ చెప్పిన 32 కిలోమీటర్లు చాలామందికి రాలేదు. ఎత్తు రోడ్డు వస్తే మోటారు వేడెక్కేది, అప్పుడు కాళ్ళే దిక్కు. అదే బరువుకు కొన్ని రెట్లు ఎక్కువ శక్తి దాచే లిథియం అయాన్ బ్యాటరీ మార్కెట్లోకి రావడానికి ఇంకా ఆరేళ్ళుంది. సుమారు 14,000 బండ్లు తయారైతే అమ్ముడైనవి 5,000 దాకా. ఆ అక్టోబరుకల్లా వాహనాల కంపెనీ చేతులెత్తేసింది. మరుసటి ఏడాది కంప్యూటర్ల వ్యాపారం కూడా 50 లక్షల పౌండ్లకు ఆమ్‌స్ట్రాడ్ చేతికి వెళ్ళింది.

ఒకే సూత్రం ఒకచోట గెలిచి ఇంకోచోట ఎందుకు ఓడింది? కంప్యూటర్‌లో తీసేసిన వాటిని ఇల్లు భర్తీ చేసింది. టీవీ ఉంది, టేప్ రికార్డర్ ఉంది, వెచ్చని గది ఉంది, తప్పు జరిగితే పోయేది గంట సమయమే. బండిలో తీసేసిన ఎత్తునూ కప్పునూ రోడ్డు ఎక్కడినుంచి తెచ్చి ఇస్తుంది? సీ5 ఆలోచన తప్పు కాదనే నేనంటాను. 2001లో బెంగళూరులో మొదలైన రేవా కూడా లెడ్ యాసిడ్ బ్యాటరీతో నడిచిన బుల్లి కారే. అయినా దానికి కప్పూ తలుపులూ ఉన్నాయి. లండన్‌లో జీ-విజ్ పేరుతో, రోజూ కొద్ది దూరం ఆఫీసుకు వెళ్ళొచ్చేవాళ్ళకు అది చక్కగా పనికొచ్చింది.

స్కూటీ ప్రశ్నకు వద్దాం. సీ5ను బ్రిటన్‌లో 14 ఏళ్ళు నిండిన పిల్లలు లైసెన్స్, హెల్మెట్ లేకుండా నడపవచ్చని చట్టం ఒప్పుకుంది. దాని మోటారు 250 వాట్లు. మన దగ్గర లైసెన్స్, రిజిస్ట్రేషన్ అక్కర్లేని ఎలక్ట్రిక్ స్కూటర్లకు కూడా ఇంచుమించు అవే అంకెలు: మోటారు 250 వాట్ల లోపు, వేగం 25 కిలోమీటర్ల లోపు. చట్టం వద్దనకపోవడం వేరు, రోడ్డు సురక్షితంగా ఉండటం వేరు. కాలనీ లోపల పార్కు దాకా అయితే సరే. కూకట్‌పల్లిలోనో విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో, ఆర్టీసీ బస్సుకూ ఇసుక లారీకీ మధ్య, 25 స్పీడులో మీ పాపను ఊహించుకుని చూడండి. నేనైతే వద్దంటాను. కొనే తీరాలనుకుంటే హెల్మెట్‌తో పాటే కొనండి. "స్పీడ్ లాక్ తీసేసి ఇస్తాం" అనే షాపుకు మాత్రం వెళ్ళొద్దు. ఆ లాక్ తీస్తే మినహాయింపు పోతుంది, మైనర్ నడిపిన మోటారు వాహనం కింద లెక్క. అప్పుడు బాధ్యత తల్లిదండ్రులదే: 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ దాకా జైలు.

ల్యాప్‌టాప్ ప్రశ్నకు నా జవాబు: కొత్తది కొనకండి. సింక్లైర్ సూత్రం కంప్యూటర్‌కు ఇప్పటికీ పనిచేస్తుంది. కేంబ్రిడ్జ్‌లో కంప్యూటర్ సైన్స్ చదవడానికి వచ్చే పిల్లలకు వెనకటి తరంలా ప్రోగ్రామింగ్ రావడం లేదని గమనించి ఎబెన్ ఆప్టన్, ఆయన మిత్రులు 2012లో రాస్ప్‌బెర్రీ పై తెచ్చారు. స్క్రీన్, కీబోర్డు, పైడబ్బా ఏవీ లేని బోర్డు అది, మళ్ళీ ఇంట్లో టీవీకే తగిలించుకోవాలి. అది కూడా ఇప్పుడే అక్కర్లేదు. మీ ఇంట్లో మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. అందులో స్పెక్ట్రమ్‌లా నటించే ఉచిత ప్రోగ్రాములు నడుస్తాయి, వాటిని ఎమ్యులేటర్లు అంటారు. ఆదివారం పిల్లలతో కూర్చుని తెరవండి. 10 అని టైప్ చేసి 'పి' నొక్కితే 'ప్రింట్' అనే మాట మొత్తం దానంతటదే వస్తుంది. పక్కన కొటేషన్ గుర్తుల మధ్య పిల్లల పేరు టైప్ చేసి ఎంటర్ కొట్టించండి. తర్వాత 20, 'జి' నొక్కితే 'గో టు' వస్తుంది, పక్కన 10, మళ్ళీ ఎంటర్. చివరికి 'ఆర్' నొక్కి ఎంటర్ కొడితే ప్రోగ్రాం నడుస్తుంది. ఇరవై రెండు వరుసల్లో పేరు నిండాక అది ఆగి, "స్క్రోల్?" అని అడుగుతుంది. 'ఎన్' నొక్కితే ఆగిపోతుంది, మిగతా ఏ అక్షరం నొక్కినా మళ్ళీ మొదలు. ఆ సంగతి మీరు చెప్పకండి, వాళ్ళనే కనిపెట్టనివ్వండి.