తీసివేత తెలిసిన తీగ

హైదరాబాద్ ప్రగతి నగర్ ఫ్లాట్లలో కూర్చుని ఉద్యోగం చేసేవాళ్ల నోట తరచూ వినపడే మాట: "ప్లాన్ 300 ఎంబీపీఎస్, లాప్‌టాప్‌లో మాత్రం 94 దాటట్లేదండీ." ఆ 94 వినగానే నా చూపు లాన్ కేబుల్ మీదికి పోతుంది. 100 ఎంబీపీఎస్ లింకులో చిరునామాల వంటి అదనపు సమాచారం పోగా మనకు మిగిలేది దాదాపు అంతే. కేబుల్లో ఎనిమిది తీగలు, నాలుగు జతలు. వందకు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. వందకు అక్కర్లేని రెండు జతల్లో ఒక్క తీగ తెగినా చాలా పరికరాలు చప్పుడు చేయకుండా వందకు దిగిపోతాయి. నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి కేబుల్‌ను ఎవరూ అనుమానించరు.

ఈ జతల్లో ఉన్న తెలివి నాకెంతో ఇష్టం. జతలోని ఒక తీగలో వోల్టేజి పెరిగితే రెండోదాంట్లో అంతే తగ్గుతుంది. అవతలి చివర రెండింటి తేడాను మాత్రమే చదువుతారు. మిక్సీ మోటారు నుంచో, పక్కనున్న కరెంటు వైరు నుంచో వచ్చే అలజడి రెండు తీగల మీదా సమానంగా పడితే, తీసివేతలో అది సున్నా అయిపోతుంది. అయితే సమానంగా ఎందుకు పడుతుంది? మోటారుకు దగ్గరగా ఉన్న తీగ ఎక్కువ పట్టుకోవాలి కదా! అందుకే తాడు పేనినట్టు రెండింటికీ పురి పెడతారు. ప్రతి మెలికలో దగ్గర, దూరం తారుమారవుతాయి. చివరికి రెండింటి వాటా ఒకటే. 1881లో గ్రాహం బెల్ టెలిఫోన్ తీగల కోసం పేటెంటు తీసుకున్న ఉపాయం ఇది. ఇప్పటి కేబుల్లో జతలు ఒకదాని మాట ఒకటి వినకుండా ఒక్కో జతకు ఒక్కో బిగువుతో పురి పెడతారు.

జాక్ వేసేవాళ్లు తడబడేదీ ఇక్కడే. 100 ఎంబీపీఎస్‌లో డేటా వెళ్లే ఒక జత 1, 2 పిన్నులది. రెండో జత 3, 6 పిన్నులది. మధ్యలోని 4, 5 పిన్నులను పాత ఫోను లైనుకు వదిలేశారు. ఇది తెలియక రంగుల జతలను వరసగా పెట్టి రెండు చివరలా క్రింప్ చేస్తే, చవక టెస్టర్‌లో ఎనిమిది దీపాలూ క్రమంగా వెలుగుతాయి. కానీ 3, 6 వేర్వేరు పురుల్లో పడ్డాయి, తీసివేత దెబ్బతింది. తీగ తెగిందో లేదో టెస్టర్ చెబుతుంది. పురి సంగతి దానికి తెలియదు.

లాన్ కేబుల్ మీద నడిచే పద్ధతి పేరు ఈథర్‌నెట్. జిరాక్స్ కంపెనీ పరిశోధనశాల 'పార్క్'లో పనిచేసే మెట్‌కాఫ్ 1973లో దాని ఆలోచన చేసినప్పుడు ఎంచుకున్నది కోయాక్సియల్ కేబుల్. దాన్ని ఓడించింది ఆఫీసు గోడల్లో అప్పటికే ఉన్న, పురి పెట్టిన ఈ ఫోను తీగలే. జిరాక్స్‌లో పనిచేసినవాళ్లే ఇద్దరు బయటికొచ్చి 1985లో సినాప్టిక్స్ అనే కంపెనీ పెట్టారు, 1990కి పురి తీగ ఈథర్‌నెట్‌కు ప్రమాణం వచ్చేసింది. 1999లో గిగాబిట్. అందులో ప్రతి జత ఒకేసారి మాట్లాడుతుంది, వింటుంది. తన గొంతును తీసేసి అవతలిది వింటుంది. ఇక్కడా తీసివేతే! జతకు 250 చొప్పున నాలుగు జతలకు వెయ్యి.

కాబట్టి కొత్త రౌటర్ కొనేముందు విండోస్ ఈథర్‌నెట్ సెట్టింగుల్లో లింక్ స్పీడ్ చూడండి. 1000కి బదులు 100 ఉంటే ముందు బాగున్న కేబుల్ పెట్టి చూడండి. మారకపోతే రౌటర్‌లో ఇంకో లాన్ పోర్టు, అదీ గిగాబిట్‌దేనని సరిచూసుకుని. అయినా వందే ఉంటే లాప్‌టాప్ పోర్టునో లాన్ డాంగిల్‌నో అనుమానించాలి. టార్చి వేసి చూస్తే వంగిన పిన్ను కనిపించవచ్చు. కేబుల్‌దే తప్పయితే రాగి పూత అల్యూమినియం కాకుండా అచ్చం రాగిది అడిగి తీసుకోండి. జాక్ వేయించేటప్పుడు పక్కనే నిలబడి, పురి 13 మిల్లీమీటర్లకు మించి విప్పొద్దని చెప్పండి.