గెలాక్సీల నడుమ అయస్కాంతం.. రేడియోకే చిక్కే జాడ

మదనపల్లె: కుప్పానికి ఆగ్నేయంగా, జవ్వాది కొండల్లోని కావలూరులో 2.34 మీటర్ల అద్దంతో పనిచేసే టెలిస్కోపును 1986లో ప్రారంభించారు. దూరపు గెలాక్సీల వెలుగును అది పట్టగలదు. వందలాది గెలాక్సీలు గుంపుగా ఉన్నచోట వాటి నడుమ పరచుకున్న అయస్కాంత క్షేత్రం మాత్రం ఎంత పెద్ద అద్దానికీ కనిపించదు. అందుకు రేడియో తరంగాలే శరణ్యం. అటువంటి కేంద్రమూ మనకు మరీ దూరం కాదు. మదనపల్లెకు పడమరగా, సరళరేఖలో సుమారు 115 కిలోమీటర్ల దూరాన కర్ణాటకలోని గౌరీబిదనూరు వద్ద ఉంది. పుంగనూరు నుంచి చూస్తే ఒకటి దక్షిణాన, మరొకటి పడమరన.

అయస్కాంత క్షేత్రంలో చిక్కిన ఎలక్ట్రాన్లు దాదాపు కాంతి వేగంతో మెలికలు తిరుగుతూ రేడియో తరంగాలను వెలువరిస్తాయి. కోమా గెలాక్సీ సమూహం నుంచి వచ్చే ఇటువంటి ప్రసారాన్ని ఇంగ్లండులోని జోడ్రెల్ బ్యాంక్ శాస్త్రజ్ఞులు 1959లోనే గుర్తించారు. అక్కడి క్షేత్రం మన దిక్సూచిని తిప్పే భూ అయస్కాంత శక్తిలో సుమారు లక్షో వంతు. అంత బలహీనమైనా, అది వ్యాపించిన మేర లక్షల కాంతి సంవత్సరాలు!

ప్రసారం తీవ్రతను బట్టి మాత్రమే లెక్క తేలదు. ఎలక్ట్రాన్లు ఎక్కువో, క్షేత్రమే బలమైనదో చెప్పలేం. అందువల్ల మరో దారి తొక్కుతారు. సమూహానికి వెనుకనున్న గెలాక్సీ నుంచి వచ్చే తరంగం కంపించే దిశ, క్షేత్రం గుండా సాగుతూ కొంత మలుగుతుంది. 1845లో ఫారడే గాజులో కనుగొన్నది ఈ ధర్మాన్నే. తరంగం పొడవు పెరిగేకొద్దీ మలుపు పెరుగుతుంది. పలు పౌనఃపున్యాల వద్ద ఆ మలుపును కొలిచి, ఎక్స్‌రేల ద్వారా తెలిసిన వాయు సాంద్రతతో కలిపితే క్షేత్రబలం తెలుస్తుంది.

గౌరీబిదనూరులో 1976 నుంచి పనిచేసిన టెలిస్కోపులో గిన్నె ఆకారపు యాంటెన్నా లేదు. వెయ్యి డైపోల్ యాంటెన్నాలను ఆంగ్ల 'టి' అక్షరం ఆకారంలో నాటారు. 34.5 మెగాహెర్ట్జ్ వద్ద అది తీసిన ఆకాశ పటం 1990లో ప్రచురితమైంది. అయితే దాని చూపు మసక. చంద్రబింబమంత భాగం అందులో ఒక్క చుక్క. సమూహాల లోపలి వివరాలకు పుణె సమీపంలోని జీఎంఆర్‌టీయే ఆధారమైంది. ఒక్కొక్కటి 45 మీటర్ల వ్యాసం గల 30 యాంటెన్నాలు దాని సొత్తు. రెండు సమూహాలు ఢీకొన్నచోట ఏర్పడిన 60 లక్షల కాంతి సంవత్సరాలకు పైగా పొడవైన షాక్ తరంగాన్ని 2010లో వెల్లడించిన పరిశోధనలో జీఎంఆర్‌టీ పరిశీలనలూ ఉన్నాయి.

ఈ క్షేత్రం విశ్వం ఆరంభంలోనే పుట్టిందా, తర్వాత గెలాక్సీల నుంచి వెలువడిందా అన్నది నేటికీ తేలని ప్రశ్న. జాడలేమో అతి క్షీణమైనవి. మనిషి పుట్టించే రేడియో రొదలో ఇట్టే మునిగిపోతాయి. అందుకే ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లోని జనసంచారం లేని మైదానాల్లో ఎస్‌కేఏ టెలిస్కోపులను నిర్మిస్తున్నారు. అందులో భారత్ భాగస్వామ్యానికి రూ.1,250 కోట్లు మంజూరైనట్లు 2024 జనవరిలో వెల్లడైంది.