వేల జీపీయూలను ఆపేసే ఒక్క కేబుల్: ఏఐ సర్వర్ల మధ్య నెట్‌వర్క్‌ను ఎలా పరీక్షిస్తారు?

లామా 3 అనే పెద్ద ఏఐ మోడల్‌ను తయారుచేసిన మెటా కంపెనీ, 2024లో తన సాంకేతిక పత్రంలో ఒక లెక్క బయటపెట్టింది. ఎన్‌విడియా హెచ్100 జీపీయూలు 16 వేలకు పైగా కలిసి పనిచేస్తుండగా, 54 రోజుల్లో ఆ పని అనుకోకుండా 419 సార్లు ఆగింది. అంటే రోజుకు ఏడెనిమిది సార్లు. ఇందులో జీపీయూ లోపాలదే పెద్ద వాటా. అయితే 35 సార్లు మాత్రం కారణం నెట్‌వర్క్ స్విచ్ లేదా కేబుల్. ఇంత ఖరీదైన యంత్రాలు, ఒక తీగ దగ్గర ఆగిపోయాయి.

ఇది ఎక్కడో అమెరికా సంగతి అని వదిలేయడానికి లేదు. విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ పెడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. అబుదాబిలో ఒక గిగావాట్ సామర్థ్యంతో స్టార్‌గేట్ యూఏఈ వస్తుందని అదే ఏడాది మేలో చెప్పారు. మోడల్ రాసేవాళ్లు కొద్దిమందే ఉంటారు. సర్వర్లు బిగించి, కేబుళ్లు కలిపి, పరీక్షించి అప్పగించే మనుషులు మాత్రం ప్రతి డేటా సెంటర్‌కూ కావాలి. ఇంట్లో నెట్‌వర్కింగ్ కోర్సు చేస్తున్న పిల్లలు ఉంటే, ఈ పరీక్ష ఏమిటో తెలుసుకోవడం వాళ్లకు పనికొస్తుంది.

ముందు, ఇన్ని సర్వర్లు ఒకదానితో ఒకటి ఏం మాట్లాడుకుంటాయి? రంజాన్‌లో మసీదు కోసం ఎనిమిది మంది ఎనిమిది గల్లీల్లో చందా వసూలు చేస్తున్నారనుకోండి. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో రసీదు బుక్కు. మర్నాడు మళ్లీ బయల్దేరే ముందు ప్రతి ఒక్కరికీ మొత్తం ఎంతయ్యిందో తెలిసి తీరాలని కమిటీ షరతు పెట్టింది. గుండ్రంగా కూర్చుని, ఒకరు తన లెక్క పక్కవాడికి ఇస్తే అతను తనది కలిపి ముందుకు పంపుతాడు. ఒక చుట్టు కూడడానికి, ఇంకో చుట్టు మొత్తాన్ని అందరికీ చెప్పడానికి. జీపీయూలు చేసేదీ ఇదే. దీన్ని ఆల్ రెడ్యూస్ అంటారు. శిక్షణ జరిగినంత కాలం, ప్రతి అడుగులో ఇలా లెక్కలు కలుపుకుంటూనే ఉంటాయి. ఎనిమిది మందిలో ఒక్కడు ఆలస్యంగా వస్తే మిగతా ఏడుగురూ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. కరెంటు బిల్లు మాత్రం అందరిదీ నడుస్తూనే ఉంటుంది.

ఒక హెచ్100 సర్వర్‌లో మామూలుగా ఎనిమిది జీపీయూలు ఉంటాయి. సర్వర్ లోపల అవి ఎన్‌వీలింక్ ద్వారా మాట్లాడుకుంటాయి. ఒక్కో జీపీయూకు ఒక్కో దిశలో సెకనుకు 450 గిగాబైట్లు. బయటికి వెళ్లాలంటే మాత్రం ఒక్కో జీపీయూకు సెకనుకు 400 గిగాబిట్ల నెట్‌వర్క్ కార్డు. ఇక్కడే కొత్తవాళ్లు పప్పులో కాలేస్తారు. ఎనిమిది బిట్లు ఒక బైటు, కాబట్టి 400 గిగాబిట్లంటే 50 గిగాబైట్లే. లోపలి దారిలో తొమ్మిదో వంతు. ఒక టూల్ బిట్లలో చెబుతుంది, ఇంకోటి బైట్లలో చెబుతుంది. రూపాయల పద్దులో డాలర్లు రాసినట్టు ఉంటుంది వ్యవహారం.

పరీక్ష కింది నుంచి పైకి పోతుంది. మొదట లింకు వచ్చిందా, వస్తే ఏ వేగంతో వచ్చింది అని చూస్తారు. 400కు రావాల్సిన పోర్టు 200కే వచ్చి కూర్చోవచ్చు. లైటు వెలుగుతూనే ఉంటుంది, ఎవరికీ అనుమానం రాదు. ఫైబర్ కొసన దుమ్ము కణం ఉన్నా తప్పులు పెరుగుతాయి. అందుకే బిగించే ముందు కొసల్ని తుడవడం ఈ పనిలో ఒక నియమం. ఆ తర్వాత పింగ్. అవతలి సర్వర్ బతికే ఉందని అది చెబుతుంది. దారి ఎంత వెడల్పో చెప్పదు.

వెడల్పు కొలవడానికి చాలామందికి తెలిసిన టూల్ ఐపెర్ఫ్3. కానీ ఇది ప్రాసెసర్ మీద ఆధారపడి నడుస్తుంది. 3.16 వెర్షన్‌కు ముందు ఒక్క థ్రెడ్ మీదే పనిచేసేది. 400 గిగాబిట్ల దారి మీద దాన్ని నడిపి అంకె తక్కువ వచ్చిందని కేబుల్‌ను తిట్టడం అన్యాయం. ఏఐ సర్వర్లలో డేటా ప్రాసెసర్‌ను తప్పించుకుని, ఒక మెషిన్ మెమరీ నుంచి ఇంకో మెషిన్ మెమరీకి నేరుగా పోతుంది. దాన్ని ఆర్‌డీఎంఏ అంటారు. దానికి పెర్ఫ్‌టెస్ట్ అనే ప్యాకేజీలోని ఐబీ రైట్ బీడబ్ల్యూ లాంటి కమాండ్లు వాడాలి. ఇందులో అంకె 400కు కాస్త కింద రావడం మామూలే. బాగా తగ్గితే ముందు చూడాల్సింది కార్డు ఏ ప్రాసెసర్ పక్కన ఉంది, జీపీయూ ఏ పక్కన ఉంది అని. రెండూ చెరో వైపు ఉంటే డేటా చుట్టుదారి పడుతుంది.

చివరిది, అసలైనది నికెల్ టెస్ట్. రాసేటప్పుడు ఎన్‌సీసీఎల్ అనే రాస్తారు. ఆ చందా లెక్కనే నిజంగా అన్ని జీపీయూల మీద నడిపి చూస్తుంది. కొద్ది బైట్ల నుంచి మొదలుపెట్టి గిగాబైట్ల దాకా సైజు రెట్టింపు చేస్తూ పోతుంది. చిన్న సైజుల్లో ఆలస్యం తెలుస్తుంది, పెద్ద సైజుల్లో వెడల్పు తెలుస్తుంది. ఫలితంలో రెండు వేగాలు కనిపిస్తాయి. ఒకటి ఆల్గో బ్యాండ్‌విడ్త్, రెండోది బస్ బ్యాండ్‌విడ్త్. పైన చెప్పిన రెండు చుట్ల లెక్కను కలిపి వేసింది రెండోది. 16 జీపీయూలుంటే మొదటి అంకెను 1.875తో గుణించినట్టు. కార్డు సామర్థ్యంతో పోల్చాల్సింది ఈ రెండోదాన్నే.

అన్నిటికంటే మోసం చేసే తప్పు ఇంకోటుంది. ఆర్‌డీఎంఏ కార్డు దొరకకపోతే నికెల్ ఆగిపోదు. చడీచప్పుడు లేకుండా మామూలు సాకెట్ దారిలోకి మారిపోతుంది. పని నడుస్తూనే ఉంటుంది, నత్తలా. డీబగ్ లాగ్ ఆన్ చేసి, అందులో నెట్ ఐబీ అని ఉందా, నెట్ సాకెట్ అని ఉందా చూసుకుంటే రహస్యం బయటపడుతుంది. చాలా గంటల వెతుకులాట ఆ ఒక్క లైనుతో తప్పుతుంది.

వందల సర్వర్లలో ఒక్కటే నెమ్మదిగా ఉంటే? సరాసరి చూస్తే దొరకదు, అది మిగతావాటి చాటున దాక్కుంటుంది. అందుకే గుంపును రెండుగా చీల్చి విడివిడిగా పరీక్షిస్తారు. నెమ్మదిగా ఉన్న సగాన్ని మళ్లీ రెండు చేస్తారు. 1,024 సర్వర్లైనా పది విడతల్లో దొంగ దొరుకుతుంది. ఒకటి కాక రెండు మూడు చెడినా, స్విచ్ మీద రద్దీ ఉన్నప్పుడే లోపం బయటపడేదైనా, ఇంత సులువు కాదు. అలాంటప్పుడు జంటలు జంటలుగా మార్చి మార్చి నడుపుతారు, ఒక్కోసారి గంటల తరబడి.

నేర్చుకోవాలంటే ఇవన్నీ కొనక్కర్లేదు. ఇంట్లో గిగాబిట్ పోర్టున్న రెండు పాత ల్యాప్‌టాప్‌లు, ఒక ల్యాన్ కేబుల్ చాలు. ఐపెర్ఫ్3 ఉచితం. కేబుల్ బాగుంటే సుమారు 940 మెగాబిట్లు చూపిస్తుంది. 94 దగ్గర ఆగిపోయిందంటే, లోపలి నాలుగు జతల తీగల్లో ఏదో ఒకటి సరిగ్గా తగలక లింకు 100కు పడిపోయి ఉండొచ్చు. కొస విప్పి, మళ్లీ క్రింప్ చేసి చూడాలి.